మాట తెగని నడక

“నేనెట్ల పోతరా? నా మోకాళ్ళు బస్సు మెట్టు ఎక్కనిస్తయా? నువ్వు పో,” అంది మా అత్త లింగమ్మ, పొద్దున్నించీ అంటున్న మాటే మళ్ళీ.

“నాకు సెలవెవడిస్తడే అమ్మా? నాయిన దవాఖానల ఉన్నన్ని దినాలు ఆడనే ఉంటి. ఇగ గుడ పోకుంటే ఫ్యాక్టరోళ్ళు ఇంకొకన్ని పెట్టుకుంటరు,” అన్నాడు మా ఆయన ధర్మేందర్.

“గట్లయితే సైదయ్యను రమ్మను.”

“చిన్నాయన ఇటొస్తే ఆడ మందను ఎవరు చూస్తరు? నువ్వు చూస్తవా, ఆ మోకాళ్ళతోని?”

“నీ నోట్లె మన్ను వడ,” అంది అత్త. కోపంగా కాదు, వేరే మాట దొరక్క.

రెండు రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. మా మామ బిక్షం ఆ ఎండాకాలమంతా వారం వారం సూర్యాపేట వెళ్ళిరావాలి. గుండెపోటు వచ్చి, హైదరాబాదులో స్టెంటు వేయించుకొని, అప్పుడప్పుడే ఇల్లు చేరిన మనిషి. ఇక మంచం దిగకుండా చూసుకుంటే చాలని మేమనుకుంటే డాక్టరు కాదన్నాడు. సూర్యాపేటలో ఒక దవాఖానలో గుండె జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్ళను దగ్గరుండి నడిపిస్తారట. ఎంత నడవాలో, ఏం తినాలో, ఏం మానాలో అక్కడే నేర్పుతారట. వెంట ఇంటి మనిషి ఒకరు రావాలి. ఎప్పుడూ అదే మనిషి రావాలి. ఇంటి దగ్గర నడిపించే బాధ్యత కూడా ఆ మనిషిదే.

అత్తకు అసలు ఈ నడక సంగతే మింగుడు పడలేదు. “పుట్టినప్పటి సంది మందెంట నడుస్తనే ఉన్నడు. నడిస్తె గుండె మంచిగుండేదైతే ఈయనకెందుకు వస్తది?” అని డాక్టరునే అడిగింది. ఆయన నవ్వి, “మందెంట నడుసుకుంట బీడీలెన్ని తాగిండో గది గుడ అడుగమ్మా,” అన్నాడు. అత్త బీడీల సంగతి కాదనలేదు. ఒప్పుకోనూ లేదు.

ఈ గొడవ వెనక ఇంకో పెద్ద గొడవ ఉంది. అది మంద గురించి. మాది చిలుకూరు పక్కన చిన్న ఊరు. తాతల నాటి నుంచి గొర్లే మా బతుకు. కోతలైపోయాక మా వాళ్ళు మందను మిర్యాలగూడ వైపు ఆయకట్టు పొలాలకు తోలుకెళ్తారు. రాత్రిళ్ళు రైతు పొలంలో దడి కట్టి మందను ఆపితే, దాని ఎరువుకు రైతు వడ్లిస్తాడు. ఆ వలసకు మా మామ పెద్ద. పెద్ద కర్ర ఆయన చేతిలోనే ఉండేది. ఆ ఏడు, రెండు వేల పన్నెండులో, మాఘమాసం నాటికి అలా ఒక పొలంలో మంద పెట్టి ఉన్నప్పుడే ఎదలో నొప్పి మొదలైంది. గ్యాసనుకున్నాడట. పక్కనే గొంగడి పరుచుకొని పడుకునే తమ్ముడు సైదయ్యకు కూడా చెప్పలేదు. కొన్నాళ్ళు అలాగే తిరిగి, ఒకరోజు పొద్దున దడి విప్పుతూ విప్పుతూ ఒరిగిపోయాడు.

అందుకే మా ఆయన మందను అమ్మేద్దామంటాడు. ఆ మాట వినగానే మామ అన్నం ముందు నుంచి లేచిపోతాడు. చివరికి తల్లీ కొడుకులు ఒక మాటకొచ్చారు. ఎండాకాలం వెళ్ళేదాకా ఆగాలి. మందెంట వెళ్ళొచ్చని సూర్యాపేట దవాఖానవాళ్ళు నోటితో చెప్తే మంద ఉంటుంది. లేకపోతే బేరగాణ్ణి పిలవడమే.

మామ వసారాలో మంచం మీద కూర్చొని, ఈ గొడవంతా ఎవరిదో అన్నట్టు గొర్రెపిల్ల చెవిలోంచి పిడుదులు ఏరుతున్నాడు. నేను చేటలో బియ్యం చెరుగుతున్నాను. అందరి మనసుల్లో ఒకటే పేరు తిరుగుతోంది, ఎవరూ బయటికి అనడం లేదు. ఇంట్లో మోకాళ్ళు బాగున్నదీ, ఫ్యాక్టరీకి పోనక్కర్లేనిదీ నేనొక్కదాన్నే.

అనకపోవడానికి కారణం ఉంది. మా పెళ్ళయి అప్పటికి నాలుగేళ్ళు, ఒక పాప కూడా. ఆ నాలుగేళ్ళలో మా మామ నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ ఆయనతో మాట్లాడలేదు. పగా కాదు, అలకా కాదు. మా ఇళ్ళల్లో పద్ధతి అది. మామ వస్తున్నాడంటే కోడలు లేచి నిలబడుతుంది, కొంగు తల మీదికి లాక్కుంటుంది, మాట ఆపేస్తుంది. మామ కూడా కోడలున్న చోటికి దగ్గకుండా రాడు. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెప్తాడు. అత్త లేకపోతే వసారా గుంజకు కట్టేసిన గొర్రెపిల్లకు చెప్తాడు.

“ఏమే సుక్కా, నీళ్ళు కాగినయా?” అంటే నేను బకెట్టు తీసుకెళ్ళి పెట్టాలి. “ఇంక కాగలే సుక్కా,” అని నేను పొయ్యి దగ్గర్నించి అంటే ఆయన ఇంకో బీడీ ముట్టిస్తాడు. తల్లి చనిపోయిన పిల్లనో, కాలు విరిగిన పిల్లనో ఎప్పుడూ ఒకదాన్ని మందలోంచి తెచ్చి ఇంట్లో సాకేవారు. అది పెరిగి మందలో కలిసిపోతే ఇంకొకటి వచ్చేది. ప్రతిదాని పేరూ సుక్కే. మా మాటలు మాత్రం వాటి మీదుగా సాగుతూనే ఉండేవి.

“గీత పోతది,” అన్నాడు చివరికి మా ఆయన, ఎవరి వైపూ చూడకుండా.

అత్త నా వైపు చూసింది. మామ గొర్రెపిల్ల రెండో చెవి పట్టుకున్నాడు.

“పాపను నేను చూసుకుంట తియ్,” అంది అత్త. “గీతా, గాడ ఎక్కువ మాట్లాడకు. గోళీలు యాళ్ళకు ఇయ్యి, తోలుకరా. అంతే.”

ఎక్కువ మాట్లాడొద్దని చెప్పి పంపింది. మమ్మల్ని రమ్మన్నది మాట్లాడటానికేనని అక్కడికి వెళ్ళాక గానీ తెలియలేదు.

కోదాడలో బస్సు మారి సూర్యాపేటలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. బస్సులో ఆయన వెనక సీట్లో, నేను ముందు ఆడవాళ్ళ మధ్య. దవాఖాన వెనకవైపు పొడుగాటి వరండా, దాని చివర ఒక గది. గదిలో నడిచే మిషను, తొక్కే సైకిలు, గోడకు గుండె బొమ్మ. ఆ గది చూసుకునే ఫిజియోథెరపిస్టు పేరు శాంతాబాయి. మిర్యాలగూడ దగ్గరి తండాలో పుట్టి పెరిగిందట. చీర మీద తెల్ల కోటు, చేతికి పెద్ద గడియారం. మామ చెయ్యి పట్టుకొని నాడి చూసింది, బీపీ చూసింది, తెచ్చిన కాగితాలన్నీ చదివింది.

“ఈడ ఒకటే రూలు పెద్దయ్యా,” అంది. “నడుస్తున్నంతసేపు ముచ్చట పెట్టాలె. మాట తెగకుంట వస్తున్నదంటే గుండె సుఖంగ పనిచేస్తున్నట్టు. మాట మధ్యల దమ్ము కోసం ఆగుతున్నరంటే నడక ఎక్కువైనట్టు. అప్పుడు తగ్గియ్యాలె. ఎదల బరువనిపిస్తే మొత్తం ఆపి కూసోవాలె, గోళీ నాలిక కింద పెట్టుకోవాలె. సమజైందా?”

మామ తల ఊపాడు.

“ఈమె మీ బిడ్డా?”

“కోడలు,” అన్నాడు మామ, గుండె బొమ్మ వైపు చూస్తూ.

“మంచిదే. గీతా, నువ్వు పక్కన నడువు. ఏదో ఒకటి అడుగుతనే ఉండు. ఆయన జవాబు చెప్తనే ఉండాలె. నేను ఆడికెల్లి చూస్తుంట.”

అలా చెప్పి ఆమె ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళింది. మేం వరండాలో నడక మొదలుపెట్టాం. ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక, కొంగు నెత్తి మీద. శాంతాబాయి గదిలోంచి చప్పట్లు కొట్టి, “పక్కన అన్నగద,” అంది. నేను పక్కకు జరిగాను. ఆయన అటు గోడకు జరిగాడు. ఏమడగాలి? నీళ్ళు కాగాయా అని అడగడానికి సుక్క కూడా లేదు. ఆయన తప్పిపోయిన గొర్రెను వెతుకుతున్నట్టు ఎటో చూస్తూ నడిచాడు. నేను నా చెప్పులు చూసుకుంటూ నడిచాను. ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఇద్దరం ఒక్క మాట లేకుండా.

శాంతాబాయి మళ్ళీ నాడి చూసింది. “ఏం ముచ్చట పెట్టిన్రు?” అని అడిగింది.

ఇద్దరం నేల చూశాం.

“మాట వస్తలేదా పెద్దయ్యా? ఆయాసమా?”

ఆయన అవుననలేదు, కాదనలేదు. కాదంటే మరి ఎందుకు మాట్లాడలేదో చెప్పాలి. ఆమె తల పంకించి, “తొందరేం లేదు. ఇంక మెల్లగ నడిపిద్దం,” అంది.

అలా మెల్లమెల్లగా చాలా వారాలు గడిచాయి. మాతోపాటు చేరినవాళ్ళు వరండా దాటి మిషను మీదికి, సైకిలు మీదికి ఎక్కారు. జయరాజు సారని సూర్యాపేటలోనే పంతులు, బైపాసు ఆపరేషనైన మనిషి, మిషను మీద కూడా నోరు మూసేవాడు కాదు. “నడుస్తలేను మేడం, పాఠం చెప్తున్న,” అనేవాడు. “గుండె ఆగినా ఈయన నోరు ఆగదు,” అనేది పక్కనే నిలబడ్డ భార్య పుష్పమ్మ. అందరూ నవ్వేవారు. మా మామ మాత్రం తప్పు చేసి నిలబడ్డ పిల్లాడిలా వరండాలో అంతే మెల్లగా నడుస్తూ ఉండేవాడు. ఆయన కాళ్ళకు ఆ నడక ఎంత అవమానమో నాకు తెలుస్తూనే ఉండేది. కొండలెక్కి దిగిన కాళ్ళవి. నేను విప్పి చెప్దామంటే ఆయన ఎదుటే చెప్పాలి. ఎదుట చెప్పడమంటే మాట్లాడటమే.

మాట ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఆయన బుద్ధిగా పాటించాడు. ఒకరోజు ఇంటికొచ్చాక, “సుక్కా, ఇగ మనకు బీడీ లేదే,” అన్నాడు. అలా నాకు తెలిసింది, మానేశాడని. ఆ వారమంతా వేపపుల్ల నమిలి నమిలి పడేశాడు. మళ్ళీ బీడీ ముట్టలేదు. తిండి దగ్గర గొడవ మాత్రం అత్తది. ఆయనకు ఉప్పు తగ్గించి చిన్న గిన్నెలో, మాకు పెద్ద గిన్నెలో వండేది. చిన్న గిన్నె దించిన ప్రతిసారీ ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

“జీవాలకు గుడ ఉప్పు నాకిపిస్తం. మనిషికి లేకపాయె,” అనేది. ఒకసారి నిమ్మకాయ, కొత్తిమీర, వెల్లుల్లి వేసి శాంతాబాయి చెప్పినట్టు పప్పు వండి చూపించాను. అత్త వేలితో నాకి చూసి, “ఉన్నదనుకుంటే ఉన్నది, లేదనుకుంటే లేదు,” అని ఊరుకుంది. మామ ఇంకొంచెం వేసుకున్నాడు.

ఇంటి దగ్గర నడక పొద్దున్నే, ఎండ రాకముందే. మా ఊరి పక్క నుంచి కాలువ పోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి కాలువ ఎండిపోయి, కట్ట మీద మెత్తటి మట్టి బాట మిగులుతుంది. మొదట్లో అక్కడా అదే తంతు. ఆయన ముందు, నేను వెనక. ఒకరోజు చూస్తే మామ గుంజ దగ్గర సుక్క తాడు విప్పుతున్నాడు.

“అదెందుకయ్యా?” అంది అత్త.

“మాట్లాడాలన్నది గద ఆ మేడం,” అన్నాడు మామ, తాడు చేతికి చుట్టుకుంటూ.

ఆ రోజు నుంచి ముగ్గురం నడిచాం. ఆయనకూ నాకూ మధ్య సుక్క. కొంచెం దూరం పోగానే ఆయన దగ్గి, “ఏమే సుక్కా, గా మొక్క పేరు తెల్సా నీకు?” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, “తెల్వదు సుక్కా,” అన్నాను.

“ఉత్తరేణి అనుకుంటవేమో. కాదు. గది తింటె నీకు కడుపుబ్బుతది.”

“ఆహా.”

“నీ తల్లి గుడ గట్లనే తిని సచ్చింది సుక్కా. నేను దవాఖానల ఉంటి. ఉంటే దక్కించేటోన్ని.”

అలా మొదలైంది. ఆ నోట ఇన్ని మాటలున్నాయని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఏ పొలంలో ఏ గడ్డి, ఏ వానకు ఏ మేత, గొర్రె దగ్గితే ఒక అర్థం, తుమ్మితే ఒక అర్థం. మందను తోలుకెళ్ళినప్పుడు పొలం గట్టున చద్ది పెట్టిన రైతుల పేర్లు, వడ్లు ఎగ్గొట్టిన రైతుల పేర్లు. చిన్నప్పుడు సైదయ్యను గంపలో కూర్చోబెట్టుకొని వాగు దాటిన సంగతి. అన్నీ సుక్కకే చెప్పాడు. మధ్య మధ్య నేను సుక్కనే అడిగాను. మాట ఎక్కడా తెగలేదు, దమ్ము ఎక్కడా ఆగలేదు. ఆ సంగతి నాకు సగం కట్ట దాటాక గానీ తట్టలేదు. తట్టాక కాళ్ళు నేల మీద ఆనలేదు.

మరుసటి దఫా సూర్యాపేటలో, వరండాలో మళ్ళీ మౌనంగా నడిచొచ్చాక, శాంతాబాయి నన్ను పక్కకు పిలిచింది. ఆమె ముఖం చూస్తేనే అర్థమైంది, చెప్పేది మంచి మాట కాదని.

“ఇన్ని వారాలైనా ఆయనకు నడుస్తుంటే మాట వస్తలేదు. డాక్టరుకు చెప్పి ఇంకోసారి పరీక్షలు చేపిద్దం. మందెంట పోవుడు మాట ఇప్పట్ల మర్చిపోవాలె.”

మంద పోతుందన్న భయంతో నోరు దానంతటదే తెరుచుకుంది. “ఇంటికాడ మాట్లాడుతడు మేడం. కట్ట మీద. అస్సలు ఆగకుంట.”

“ఎవరితోని?”

“గొర్రెపిల్లతోని.”

సైకిలు మీదున్న జయరాజు సారు తొక్కడం ఆపేశాడు. “మేడం, ఆయనకున్నది ఆయాసం కాదు, సిగ్గు,” అని పకపకా నవ్వాడు. పుష్పమ్మ ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది.

శాంతాబాయి నవ్వలేదు. నా నెత్తి మీద కొంగు వైపు చూసింది, బల్ల మీద ముడుచుకు కూర్చున్న మామ వైపు చూసింది.

“తప్పు నాది,” అంది. “మా తండాల గుడ మామ ముంగట కోడలు ముసుగు దియ్యదు. మా అమ్మ సచ్చేదాక మా తాతతోని మాట్లాడలే. గది తెల్సిన దాన్నే, ఇన్ని దినాలు సిగ్గును ఆయాసమనుకున్న.”

తర్వాత మామ పక్కన బల్ల మీద కూర్చుంది. ఆయన కొంచెం జరిగాడు.

“పెద్దయ్యా, నొప్పి మొదలైనప్పుడు పొలంల మీ పక్కన ఎవరున్నరు?”

“తమ్ముడు.”

“చెప్పిన్రా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“మీ కాళ్ళు మంచిగున్నయి. గుండె గుడ నయమైతున్నట్టే ఉన్నది. కానీ నేను చూడాల్సింది ఇంకొకటి ఉన్నది. బాగలేనప్పుడు పక్కనున్న మనిషికి బాగలేదని చెప్తరా, లేదా? గొర్రెపిల్లకు చెప్తే అది పోయి గోళీ తేదు గద. గది చూడకుంట మందెంట పొమ్మని నేననను.”

తిరుగు ప్రయాణంలో బస్సు కోదాడ చేరేదాకా మామ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి అరుగు మీద బేరగాడు కూర్చొని ఉన్నాడు. మా ఆయన పిలవలేదట, సంగతి విని వాడే వచ్చాడట. మామ గొంగడి దులుపుకొని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం సుక్కతో కూడా మాట్లాడలేదు.

మరో వారానికి అనుకుంటాను, పొద్దున్నే కట్ట మీద నడుస్తున్నాం. తూర్పున ఎరుపు ఇంకా తగ్గలేదు. మామ సుక్కకు ఏదో వాన సంగతి చెప్తున్నాడు. తుమ్మచెట్ల చాటు నుంచి ఒక కుక్క ఒక్కసారిగా బయటికొచ్చింది. సుక్క బెదిరి లాగింది, తాడు మామ చేతిలోంచి జారింది. అది కాలువలోకి దూకి అవతలి ఒడ్డు ఎక్కేసింది. మామ గొంతులోంచి మందను పిలిచే కేక వచ్చింది. కర్ర ఎత్తి కట్ట దిగుతూ పరుగెత్తాడు. కాలువ అడుగు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

నేను కట్ట మీదే ఉన్నాను. ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. సుక్క ఎటు పోయిందో కనిపించడం లేదు. ఇక మా మధ్య ఎవరూ లేరు. ఆయన అలా ఎంతసేపు నిలబడ్డాడో నేను చెప్పలేను. నాకు మాత్రం చాలాసేపనిపించింది.

“గీతా,” అన్నాడు.

నా పేరు ఆయన నోట వినడం అదే మొదలు.

“ఇటు రా బిడ్డా. ఎదల జర బరువైతాంది.”

నేను కట్ట దిగాను. “కూసో మామా,” అన్నాను. చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను. కొంగు ముడి విప్పి గోళీ నాలుక కింద పెట్టాను. కొంగు ఎప్పుడు జారిందో చూసుకోలేదు. ఆయన నా చెయ్యి వదలలేదు. “పోతాందా మామా?” అంటే, “పోతాంది,” అన్నాడు. కొంచెం ఆగి మళ్ళీ అడిగాను. “పోయింది,” అన్నాడు.

సెల్లు తీసి మా ఆయనకు చేశాను. ఊరి ఆటో కట్ట మీదికే వచ్చింది. ఆటోలో కూర్చున్నాక మామ, “సుక్క ఎటు పోయిందో,” అన్నాడు. నాతోనే అన్నాడు. “అదే వస్తది తియ్ మామా,” అన్నాను. మేం సాయంత్రం ఇల్లు చేరేసరికి గుంజ దగ్గర అదే నిలబడి ఉంది.

సూర్యాపేటలో ఆ రోజు ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. కొత్తగా ఏమీ లేదన్నారు. డాక్టరు ఒక గోళీ మార్చి, కొన్నాళ్ళు పరుగులొద్దని గట్టిగా చెప్పాడు. శాంతాబాయి పరుగున వచ్చింది. మంచం పక్కన నిలబడి, “ఏమైంది పెద్దయ్యా?” అంది.

“ఎదల బరువైంది.”

“ఎవరికి చెప్పిన్రు?”

మామ నా వైపు వేలు చూపించలేదు, గోడ వైపు చూడలేదు. “గీతకు చెప్పిన,” అన్నాడు.

ఆమె ఆయన పాదాల మీది దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మిగిలిన ఎండాకాలమంతా ఆ వరండా మాదే. శాంతాబాయి ఏ మెట్టూ దాటవేయలేదు. మెల్లగా మొదలుపెట్టించి, నాడి చూస్తూ, అడుగు అడుగుకీ పెంచుతూ మామను మిషను మీదికి ఎక్కించింది. మామ మాట్లాడుతూనే నడిచాడు. “బిక్షమన్నా, నాకు గుడ జర సందియ్యి,” అని జయరాజు సారే మొత్తుకునే రోజులొచ్చాయి. బస్సులో మామ నా కోసం సీటు ఆపేవాడు. కోదాడ బస్టాండులో సోడా తాగుదామా అని అడిగేవాడు. ఉప్పు సోడా వద్దని నేనంటే, “మీ మేడం కంటె నువ్వే ఎక్కువున్నవ్,” అనేవాడు. మా నాయిన నా చిన్నప్పుడే పోయాడు. నడుస్తూ నడుస్తూ పెద్దమనిషి చెప్పే ముచ్చట్లు వినడం ఎలా ఉంటుందో నాకు ఆ ఎండాకాలంలోనే తెలిసింది. ఆ జబ్బు రావడం మంచిదైందని అనను. కానీ దాన్ని నయం చేసే దారిలో మాకు దొరికినదానికి శాంతాబాయి పేరు తలుచుకోని రోజు నాకు ఉండదు.

మృగశిర కార్తెకు తొలి వాన పడింది. సైదయ్య చిన్నమామ మందను తోలుకొని ఇల్లు చేరాడు. అంతకు రెండు రోజుల ముందే శాంతాబాయి మా ఆయన్ను కూడా పిలిపించి, పక్కన మనిషి తోడుంటే మామ మందెంట వెళ్ళొచ్చని చెప్పింది. ఇక మళ్ళీ కోతలయ్యాక మిర్యాలగూడ పోవడానికి ఆయన సిద్ధమే అనుకున్నాం అందరం. అత్త ఆ మాటకే దిగులు పెట్టుకొని తిరుగుతోంది.

పొద్దు వాలాక అందరం వసారాలో ఉన్నాం. కరెంటు పోయింది. గాలి మాత్రం చల్లగా ఉంది. సైదయ్య, మా ఆయన గడప పక్కన కూర్చున్నారు. అత్త ఒళ్ళో పాప. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

“గీతా, గీడ కూసో,” అన్నాడు మామ, తన మంచం కోడు పక్కనున్న పీట చూపించి.

సైదయ్య తల తిప్పి చూశాడు. మా ఆయన నోట్లో పెట్టుకోబోయిన వక్క చేతిలోనే ఉండిపోయింది. నేను వెళ్ళి పీట మీద కూర్చున్నాను.

“మంద అమ్మేది లేదు,” అన్నాడు మామ. గొంతు పెద్దది చేయలేదు. నాకు చెప్తున్నట్టే చెప్పాడు, మిగిలినవాళ్ళు వింటే విననీ అన్నట్టు. “పెద్ద కర్ర సైదయ్యకిస్తున్న. కోతలైనంక మిర్యాలగూడకు ఇగ వాడే తోలుకపోతడు. నేను పోను.”

“మేడం పొమ్మన్నది గదనే అన్నా?” అన్నాడు సైదయ్య.

“అన్నది.”

“మరెందుకు పోవు?”

“గాడ నా పక్కన ఉండేది నువ్వు. పండుకున్నవంటే పిడుగు పడ్డా లేవవు. నేనెవరికి చెప్పుకోవాలె?” అన్నాడు మామ. సైదయ్య నవ్వబోయి ఆగాడు. అన్న నవ్వడం లేదు. “సూడి గొర్లు, పిల్లలు నా దిక్కు ఉంచు. ఊరి సుట్టు మేపుకుంట. పొద్దున కట్ట మీద నడక అయినంకనే దొడ్డి తలుపు తీస్త. గీత తోడుంటది.”

కర్ర చూరులోంచి తీసి తమ్ముడి ముందు పెట్టాడు. సైదయ్య దాన్ని వెంటనే ముట్టుకోలేదు. కాసేపటికి రెండు చేతులతో తీసుకొని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. దొడ్లో మంద నెమరు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మా ఆయన వక్క నోట్లో వేసుకొని, “సరె నాయినా,” అన్నాడు.

“ఇంకొకటి,” అన్నాడు మామ నాతో. “రేపటి సంది రెండు గిన్నెలు వద్దు. అందరికి ఒక్కటే గిన్నెల, నాకు వండినట్టే వండుమని మీ అత్తకు చెప్పు.”

అత్త ఆయనకు మూరెడు దూరంలో కూర్చొని ఉంది. పాపను ఇటు ఒళ్ళోంచి అటు ఒళ్ళోకి మార్చుకొని, గుంజ వైపు తిరిగింది.

“ఇన్నవా సుక్కా?” అంది. “ఎదురుంగ కూసున్న పెండ్లానికి కోడలితోని కబురు పంపుతున్నడు.”

“అత్త ఇన్నది మామా,” అన్నాను నేను.